ఒక దుకాణానికి ఒక ముఖం

మూడు రోజుల ప్రయాణానికి మగమనిషికి ఏమేం కావాలో అసిరమ్మకి తెలీదు. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళయినా ఆమె మొగుడు తవిటయ్య ఇల్లు విడిచి ఒక్క రాత్రి ఎక్కడా పడుకోలేదు. అందుకని ఇంట్లో ఉన్న వస్తువుల్ని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది లేకపోతే ఏమవుతుందోనని ఊహించుకుని, భయం వేసినవన్నీ సంచిలో పెట్టింది. రెండు లుంగీలు, మూడు చొక్కాలు, దుప్పటి, జ్వరం బిళ్ళలు, సబ్బు ముక్క, వాంతి వస్తే వాసన చూడ్డానికి ఒక నిమ్మకాయ. చేతులు కాలితే రాసుకోడానికి చిన్న సీసాలో కొబ్బరినూనె. పైన, కాగితంలో పొట్లం కట్టిన జీళ్ళు. సంచి జిప్పు ఎప్పుడో పాడైంది. నోరు దగ్గరికి లాగి రెండు పిన్నీసులు పెట్టింది. పిన్నీసులు మళ్ళీ తీసి, జ్వరం బిళ్ళలు పెట్టిందో లేదో చూసి, మళ్ళీ పెట్టింది.

"యుద్దానికి ఎల్తన్నానేటే?" అన్నాడు తవిటయ్య. "శిచ్చనకి. కుర్సీలో కూకోబెట్టి సెప్తారంట. నూనెసీసా దేనికి, సేతులేటి కాలతాయి?"

"ఉంచు మావా, బరువా ఏటి," అంది అసిరమ్మ.

ఆయన వెళ్తున్నది జిల్లా కేంద్రానికి. పంపిస్తున్నది చిరు వ్యాపారుల ముద్రాభివృద్ధి సంస్థ. ముద్ర అంటే వాళ్ళ భాషలో బ్రాండు. ఈ సంస్థ ఆ ఏడాదే పుట్టింది. పుడుతూనే తవిటయ్య దుకాణమున్న గెడ్డవలస బజారులో ఒక సర్వే చేసింది. బజారు రేకులు కారుతున్నాయని, వానొస్తే కాలవ దుకాణాల్లోకి వస్తోందని, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదని వ్యాపారులు చెప్పారు. సంస్థ అన్నీ రాసుకుంది. మూడు నెలలు ఆలోచించింది. అసలు లోపం వీటిలో ఏదీ కాదని, చిరు వ్యాపారికి వ్యక్తిత్వం లేదని తేల్చింది. జనం సరుకు కొనరు, మనిషిని కొంటారు. కాబట్టి ఇకమీదట బజారులోగానీ తీర్థంలోగానీ దుకాణం పెట్టాలంటే, ఆ దుకాణానికి శిక్షణ పొందిన ఒక ముఖం ఉండాలి. ఆ ముఖం గల మనిషిని 'ముద్రామూర్తి' అంటారు. ఆయనకి ఒక కార్డు ఇస్తారు. కార్డు లేనివాళ్ళు సరుకు చేసుకోవచ్చు, తినొచ్చు కూడా. అమ్మకూడదు.

ఈ సంగతి బజారులో నోటీసు అంటించిన వారానికే ప్రాంతీయ ముద్రాధికారి భుజంగరావుగారు స్వయంగా ఇంటింటికీ వచ్చారు. నున్నగా గీసిన గడ్డం, మెడలో కార్డు. తవిటయ్య ఇంటి అరుగు ఎక్కి, ఫారం తీసి, "మీ దుకాణానికి ముఖం ఎవరు?" అని అడిగారు.

మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఆ దుకాణానికి పేరు కూడా లేదు. జీళ్ళ దుకాణం అంటే అదొక్కటే.

"ఇందులో ముఖమేటుంది బాబూ," అన్నాడు తవిటయ్య. "పాకం దానిది, లాగుడు నాది."

అది నిజం. జీళ్ళు ఒకరు చేసే పని కాదు. బెల్లం పాకం ఏ క్షణాన దించాలో అసిరమ్మకి తెలుసు. చుక్క తీసి చన్నీళ్ళలో వేసి, గట్టిపడిన ముద్దని పళ్ళానికేసి కొడితే అది పలికే చప్పుడు ఆమెకి తెలుసు. నూనె రాసిన రాతి మీద పోశాక, ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడి ఉండగానే తవిటయ్య దాన్ని ముద్దగా ఎత్తి గుంజకి కొట్టిన ఇనుప మేకు మీద వేసి లాగాలి. లాగి, మడిచి, మళ్ళీ మేకు మీదికి విసిరి లాగాలి. నూటికి పైగా లాగుళ్ళు. నల్లటి ముద్ద ఎర్రబడి, పచ్చబడి, చివరికి పట్టుకుచ్చులా తెల్లబడుతుంది. ఆ తెల్లబడిన నిమిషంలోనే ఆమె దాన్ని తాడులా సాగదీసి, ముక్కలు కోసి, నువ్వుల్లో దొర్లించాలి. ఇద్దరిలో ఒకరు దగ్గినా ముద్ద రాయవుతుంది.

ఇదంతా తవిటయ్య చెప్పాడు. భుజంగరావుగారు ఓపిగ్గా విన్నారు. "అద్భుతం. కానీ ఫారంలో ఒక గడే ఉంది," అన్నారు. "ఒక దుకాణానికి ఒక ముఖం. రెండు ముఖాలుంటే వినియోగదారుడి మనస్సులో అస్పష్టత ఏర్పడుతుంది. బజారు పర్మిట్టు ఎవరి పేర ఉంది?"

పర్మిట్టు తవిటయ్య పేర ఉంది. కాబట్టి ముఖం తవిటయ్యది అయింది.

అసిరమ్మ దిగులు ముఖం గురించి కాదు. ఉగాదికి ముందొచ్చే కొత్తమావాస్యకి నూకాలమ్మ తీర్థం, మూడు రోజుల జాతర. మిగతా ఏడాదంతా అమ్మినదానికన్నా ఆ మూడు రోజుల్లో అమ్మేదే ఎక్కువ. ఆ తీర్థానికి కార్డు ఉండాలి. కార్డుతోపాటు లాగే మనిషీ ఉండాలి. తీర్థానికి ఇంకా రెండు నెలలుంది కదా అని తవిటయ్య నవ్వాడు. బస్సు కనుమరుగయ్యేదాకా ఆమె నిలబడి, ఇంటికొచ్చి, దువ్వెన గూట్లోనే ఉండడం చూసి కూలబడిపోయింది.

మూడు రోజులన్నవాడు అయిదో రోజు వచ్చాడు. బస్సు దిగినవాణ్ణి ఆమె మొదట పోల్చుకోలేదు. ఆవపువ్వు రంగు కోటు, అదే రంగు తలపాగా. కిందికి వాలే మీసాన్ని మైనం రాసి పైకి తిప్పారు. నవ్వు కూడా మారింది. ఇదివరకు ఎడమ వైపు కొంచెం వంకరగా నవ్వేవాడు. ఇప్పుడు రెండు వైపులా సమానంగా, ఎనిమిది పళ్ళు కనిపించేట్టు నవ్వుతున్నాడు. ఎనిమిది పళ్ళ నవ్వుకి సంస్థలో నమ్మకం నవ్వు అని పేరు. అంతకు మించితే చనువు, తగ్గితే అనుమానం.

అన్నం తిన్నాక ఒక్కొక్కటీ చెప్పాడు. మొదటి రోజు రంగులు పంచారట. రెండో రోజు కథలు. ప్రతి వ్యాపారికీ ఒక కథ ఉండాలి. కష్టం, మలుపు, విజయం. నీ కథ చెప్పమని శిక్షకుడు అడిగితే తవిటయ్య లేచి, బెల్లం ఉడుకుతుంది, లాగుతాం, అమ్ముతాం అని చెప్పి కూర్చున్నాడు. శిక్షకుడు కళ్ళు మూసుకున్నాడట. ఇల్లు తగలబడిందా అని అడిగాడు. లేదు. వరద? ఒకసారి నీళ్ళు గడపదాకా వచ్చి వెనక్కి పోయాయి. పస్తులు? శివరాత్రికి. నలభై తొమ్మిదేళ్ళు ఒక్క నష్టమైనా లేకుండా ఎలా గడిపారండీ అని శిక్షకుడు నిజంగానే బాధపడ్డాడు. అందరికీ ఏదో ఒకటి దొరికింది. సైకిల్ షాపాయనకి చిన్నప్పటి కుంటికాలు ఇచ్చారు. ఇప్పుడు ఫొటోలు తీసేటప్పుడు కుంటాలి. పక్క దుకాణం గాజుల దాలమ్మకి గుడ్డి మామ్మ వచ్చింది, గాజుల చప్పుడు విని మనుషుల్ని గుర్తుపట్టేదట. తవిటయ్య ఒక్కడే ఖాళీగా మిగిలాడు.

అక్కడిదాకా చెప్పి ఆయన మజ్జిగ గ్లాసు వైపు చూస్తూ ఆగాడు.

"మరి నీకేటిచ్చినారు?" అంది అసిరమ్మ.

"నాకు పెళ్ళాం పోయిందన్నారు."

ఆమె గ్లాసు అవతలికి జరిపింది. "నన్నెప్పుడు సంపీసినావు?" అని అడిగింది.

"నాను కాదే, ఆలే. రెండోనాడు మజ్జానం, భోజనాలయినాక. మా ఆడది బతికే ఉంది, ఇంటికాడ నాకోసం సూస్తంటాది అని సెప్పినాను. ఇది మరణం కాదండీ, నేరేటివ్, అంటే కథ అన్నారు."

"ఏటొచ్చి పోనాను?"

"అది కాళీగా ఉంచినారు. అన్నీ సెప్పీకూడదంట."

సంచిలో కొబ్బరినూనె సీసా నిండుగానే తిరిగొచ్చింది. జీళ్ళ పొట్లం మాత్రం ఖాళీ అయింది. ఎవరు తిన్నారని అడిగితే, రెండోనాడు మధ్యాహ్నం ఎవరూ చూడకుండా తనే తినేశానన్నాడు. దాంతో ఆమెకి కోపం సగం తగ్గిపోయింది.

మాఘంలో, రథసప్తమి నాడు, దుకాణానికి ముద్రావిష్కరణ జరిగింది. భుజంగరావుగారితో పాటు జిల్లా నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. దుకాణం నుదుట ఆవపువ్వు రంగు బోర్డు ఎక్కింది. 'ఆమె లేదు. ఆమె తీపి ఉంది. తీపి తవిటయ్య జీళ్ళు.' బోర్డు కింద నిలువెత్తు అట్టబొమ్మ. తవిటయ్యే. కోటు, తలపాగా, ఎనిమిది పళ్ళు. కుడి చెయ్యి భుజం మీదుగా పాకం విసురుతున్నట్టు పైకెత్తి ఉంది. దుకాణంలో అందరి కళ్ళూ పడే చోట అది నిలబడాలని నిబంధన. అలాంటి చోటు ఒక్కటే ఉంది, మేకు గుంజ ఉన్న చోటు. మేకు ఊడదీసి, బొమ్మని గుంజకి ఆనించి తీగతో కట్టేశారు.

తవిటయ్య మైకు ముందు నిలబడి కథ చెప్పాడు. ఆమె చేతి పాకం, ఆమె చివరి చూపు, మలుపు, విజయం. నేర్పినచోట గొంతు వణికించాడు. జనం కళ్ళు ఒత్తుకున్నారు. ఇరవయ్యారేళ్ళుగా అసిరమ్మ చేతి జీళ్ళు తింటున్నవాళ్ళు కూడా ఒత్తుకున్నారు. ఆమె అదే జనం మధ్య టీ గ్లాసులు పంచుతోంది. ఆమె మెడలో 'సహాయకురాలు' అన్న కార్డు వేశారు. గాజుల దాలమ్మ ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎంత మంచిదే వొదినా," అంది దాలమ్మ.

"ఎవులు?"

"నువ్వే."

పెద్దలు వెళ్ళగానే తవిటయ్య కోటు విప్పి, అట్టబొమ్మని పక్కకి జరిపి మేకు కొట్టబోయాడు. భుజంగరావుగారు ఆయన చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చారు.

"మూర్తిగారూ, ఈ చేతులు ఇక మీవి కావు. ఇవి మీ ముద్రకి చెందిన దృశ్య ఆస్తి. కోటు వేసుకుని బొబ్బలెక్కిన చేతులతో కనబడితే స్థిరత్వం దెబ్బతింటుంది. మీరు లాగకూడదు. లాగుతున్నట్టు నిలబడాలి."

"మరి లాగీదెవులు బాబూ?"

"అది ఉత్పత్తి విభాగం. మాది ముద్రా విభాగం."

ఆ విధంగా తవిటయ్య చేతులకి తెల్లటి తొడుగులు వచ్చాయి. ఆయన ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చెయ్యెత్తి నిలబడ్డాడు. జనం వచ్చి పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఇంట్లో మిగిలిన జీళ్ళు రెండు రోజుల్లో అయిపోయాయి. మూడోనాడు పళ్ళెంలో నువ్వులు మాత్రమే ఉన్నాయి. ఫొటోలకొచ్చినవాళ్ళెవరూ ఆ తేడా గమనించలేదు. వ్యాపారం సరుకు స్థాయిని దాటి ఎదిగిందని భుజంగరావుగారు రిపోర్టు రాశారు.

ఆ రిపోర్టు వల్లనే విజయగాథా యాత్రకి తవిటయ్య ఎంపికయ్యాడు. ఊరూరా వేదికలెక్కి కథ చెప్పడం. ఏడు రోజులు. ఈసారి సంచి సంస్థే ఇచ్చింది. దాని మీద తవిటయ్య ముఖం అచ్చేసి ఉంది. లోపల రెండు కోట్లు, మైనం డబ్బా, కథ కాగితాలు, అన్నీ మడతలు నలగకుండా ముందే సర్ది ఉన్నాయి. కొబ్బరినూనె సీసా పెట్టడానికి అసిరమ్మ జిప్పు తీస్తే, బయటి వస్తువులు పెట్టకూడదని, బస్టాండుదాకా దింపడానికొచ్చిన సంస్థ కారు డ్రైవరు చెప్పాడు. పాత సంచి చిలక్కొయ్యకి వేలాడుతూ ఉంది.

తవిటయ్య గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. "జీళ్ళేటైనా ఉన్నాయేటే, ఒక్క నాలుగు?" అన్నాడు.

"లాగినోల్లేరి మావా?" అంది అసిరమ్మ.

ఆయన తల ఊపాడు. బస్టాండుదాకా ఆమె కూడా కారులో వెళ్ళింది. బస్సెక్కేముందు ఆయన చెయ్యెత్తాడు. అది తన కోసం ఎత్తాడో, నేర్పినట్టు ఎత్తాడో ఆమెకి తెలీలేదు. ఆ ఎత్తిన చేతిని తర్వాత చాలా రోజులు తలుచుకుంది.

ఏడు రోజులు పద్నాలుగయ్యాయి. యాత్రకి మంచి స్పందన రావడంతో పొడిగించామని కబురొచ్చింది. పదిహేనో నాడు దాలమ్మ ఫోను నుంచి అసిరమ్మ ఆయనకి ఫోను చేసింది.

"నమస్తే. నేను మీ తీపి తవిటయ్యని," అని వినిపించింది.

"నానే మావా. ఎప్పుడొస్తావు? తీర్దం దగ్గిరికొచ్చీసింది. సన్నీళ్ళతోటి తానం సేస్తన్నావేటి? దగ్గుతన్నావు."

అవతల ఏదో జరిపిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు, కొంచెం దూరంగా, కొంచెం వణుకుతూ వచ్చింది. "విన్నారా అండి. నా భార్య బతికుంటే ఇలాగే అడిగేది."

ఆ వెనక చప్పట్లు. చాలామంది చప్పట్లు. ఆయన వేదిక మీద ఉన్నాడని, ఫోను మైకు దగ్గర పెట్టారని దాలమ్మ విడమరిచి చెప్పింది. వణుకు నేర్పిందో, నిజమైందో మాత్రం దాలమ్మ కూడా చెప్పలేకపోయింది. మర్నాడు మళ్ళీ చేస్తే, ఈ నంబరు సంస్థ ప్రచార విభాగానికి బదిలీ అయిందని ఒక అమ్మాయి మర్యాదగా చెప్పింది.

తీర్థం ఇంకా తొమ్మిది రోజులుందనగా అసిరమ్మ ముద్రాధికారి ఆఫీసుకి వెళ్ళింది. మొగుణ్ణి ఆ మూడు రోజులకైనా పంపించమని అడగాలి. గుమాస్తా కాగితం ముందు పెట్టుకుని, ఎవరి గురించి, పేరు చెప్పు అన్నాడు.

ఆమె పెళ్ళయినప్పటి నుంచి మొగుడి పేరు నోట పలకలేదు. వాళ్ళ వాళ్ళలో ఎవరూ పలకరు. పేరెత్తితే మనిషికి ఆయుష్షు తగ్గుతుందని ఆమె అత్త చెప్పింది. అత్త నమ్మిందో లేదోగానీ అసిరమ్మకి ఆ భయం అలాగే ఉండిపోయింది. అడ్డమొచ్చిన చోట మా ఆయన అంటుంది, జీళ్ళాయన అంటుంది. ఆమె గోడ వైపు వేలు చూపించింది. గోడ మీద తవిటయ్య పోస్టరు ఎనిమిది పళ్ళతో నవ్వుతోంది.

"ఆయనా? ఉన్నాడు కదా," అన్నాడు గుమాస్తా, రిజిస్టరు తిప్పి. "మీ బజారు ఇన్‌స్పెక్టరు రోజూ తొమ్మిదింటికి తనిఖీ చేస్తున్నారు. ఒక్క రోజు కూడా గైర్హాజరు లేదు. నిటారుగా ఉన్నాడని కూడా రాశారు."

"అది అట్టబొమ్మ బాబూ."

గుమాస్తా ఆమెని భుజంగరావుగారి గదిలోకి పంపాడు. భుజంగరావుగారు మంచి మనిషి. కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు. ఆమె చెప్పిందంతా విన్నారు.

"అమ్మా, మీ ఆవేదన నాకు అర్థమైంది. దాన్ని నియమాల వెలుగులో పరిశీలిద్దాం. మొదటిది, హాజరులో ఉన్న వ్యక్తిని తిరిగి పంపే అధికారం ఏ అధికారికీ లేదు. రెండోది, భర్తని పంపమని అడిగే హక్కు భార్యకి ఉంటుంది. రికార్డు ప్రకారం ఆయన భార్య స్వర్గస్థురాలు."

"నాను బతికే ఉన్నాను కదా బాబూ. మీరు మా ఇంటికొచ్చినారు, నాసేతి మజ్జిగ తాగినారు."

"వ్యక్తిగతంగా మీరు బతికున్నారనే నా అభిప్రాయం," అన్నారు భుజంగరావుగారు. "కావాలంటే మీరు జీవించి ఉన్నట్టు అర్జీ పెట్టుకోవచ్చు. నేనే ఫారం ఇస్తాను. కానీ మీరు జీవిస్తే ఆయన కథ కూలుతుంది. కథ కూలితే కార్డు రద్దు. కార్డు రద్దయితే తీర్థంలో దుకాణం లేదు."

అసిరమ్మ ఆ మాటలు ఒకటికి రెండుసార్లు మనసులో తిప్పుకుంది. "దుకాణం పోతే పోయింది. ఆయనొచ్చీస్తారా?" అని అడిగింది.

"రావడం అంటే... కథ కూలిన ముద్రామూర్తులకి కొత్త కథ ఇవ్వాలి. దానికి నలభై రోజుల శిబిరం ఉంది. ఉత్తరాన ఎక్కడో. చలి ప్రదేశం."

మొగుడికి చలి పడదు. భుజంగరావుగారు రెండు కాగితాలు ఆమె ముందు పెట్టారు. ఒకటి ఆమె బతికున్నట్టు, రెండోది ఆమె తీర్థం దుకాణంలో సహాయకురాలిగా ఉండడానికి ఒప్పుకున్నట్టు. అర్జీ పెట్టకుండా ఉంటే యాత్ర ముగిశాక ఆయన తన దారిన తానే వస్తాడని, అర్జీ పెడితే ఇంకా దూరం పంపేస్తారని ఆమెకి అర్థమైంది. సహాయకురాలు అన్న కాగితం మీద వేలిముద్ర వేసింది. వేసిన వేలిని కొంగుకి తుడుచుకుంటుంటే, తీర్థంలో పాటించాల్సిన నియమాల చీటీ భుజంగరావుగారు చేతికిచ్చారు. ముద్రామూర్తి పేరు ప్రతి పావుగంటకి మూడుసార్లు బిగ్గరగా పలకాలన్నది అందులో మొదటి నియమం.

కొత్తమావాస్య వచ్చింది. నూకాలమ్మ గుడి ముందు రాట్నాలు, బూరలు, దుమ్ము. దుకాణాలన్నిటి ముందూ ముఖాలు. సైకిల్ షాపాయన నీడలో నిలబడి కుంటుతున్నాడు. గుడ్డి మామ్మ గురించి చెప్పి చెప్పి దాలమ్మకి గొంతు పోయింది. జీళ్ళ దుకాణంలో ఆవపువ్వు రంగు అట్టబొమ్మని బజారు నుంచి గుంజతో సహా తెచ్చి పాతారు. దాని ముందు ఉత్త పళ్ళెం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు బొమ్మని చూసి, పళ్ళెం చూసి, జీళ్ళేవీ అని అడిగి వెళ్ళిపోతున్నారు.

అసిరమ్మ పొయ్యి వెలిగించింది. ఎందుకు వెలిగించిందో ఆమెకే తెలీదు. ఏటా ఆ వేళకి వెలిగిస్తుంది. బెల్లం కరిగింది, పొంగింది, నురగ తగ్గింది. చుక్క తీసి నీళ్ళలో వేసి పళ్ళానికేసి కొడితే పలకాల్సిన చప్పుడు పలికింది. అలవాటుగా పక్కకి చూసి, "మావా, దించుతన్నాను," అంది. పక్కన ఎవరూ లేరు.

పాకం రాతి మీద పడింది. అంచులు బిగుసుకోవడం మొదలైంది. ఇక ఆగడానికి లేదు. ఆమె తీర్థానికి వెంట తెచ్చుకున్న పాత సంచిలోంచి ఇనుప మేకూ సుత్తీ తీసింది. బొమ్మ వెనకే గుంజ. బొమ్మని విప్పడానికి టైం లేదు, విప్పితే నేరం. ఎత్తిన కుడి చెయ్యి భుజంలో కలిసే చోట మేకు ఆనించి, మూడు దెబ్బల్లో అట్టలోంచి గుంజలోకి దింపింది. చేతులకి నూనె రాసుకుని, సలసలలాడుతున్న ముద్దని ఎత్తి ఆయన భుజం మీద వేసి లాగింది.

మొదటి లాగుడుకే అరచేతులు కాలాయి. ఇరవయ్యారేళ్ళు ఆయనకి ఎలా ఉండేదో ఆమెకి అప్పుడు తెలిసింది. మడిచి మళ్ళీ విసిరింది. నలభై లాగుళ్ళకి ముద్ద ఎర్రబడింది. జనం ఆగి చూస్తున్నారు. దాలమ్మ తన దుకాణం వదిలేసి వచ్చి, కత్తెర పట్టుకుని పక్కన నిలబడింది.

"సెప్పు వొదినా, ఎప్పుడు కొయ్యాలో," అంది, పోయిన గొంతుతోనే.

ఇన్‌స్పెక్టరు చీటీ పట్టుకుని వచ్చాడు. పావుగంట దాటిందని, పేరు ఇంకా పలకలేదని గుర్తుచేశాడు. అసిరమ్మ అతని వైపు చూడలేదు. చేతులు ఆడుతూనే ఉన్నాయి. తీర్థంలో ఊళ్ళన్నీ ఉన్నాయి. ఇంత జనంలో మొగుడు ఎక్కడో ఓ మూల ఉండొచ్చు. ఏ వేదిక నుంచో తప్పించుకుని వచ్చి, కోటు చూసి ఎవరైనా పట్టుకుంటారని తుండుగుడ్డ కప్పుకుని నిలబడి ఉండొచ్చు. పిలిస్తే తెలుస్తుంది. ఎప్పుడూ పిలవని మనిషి పిలిస్తే ఆగకుండా ఎవరుంటారు.

"తవిటయ్యా," అంది అసిరమ్మ.

మొదటిసారి ఆమెకి మాత్రమే వినిపించింది. రెండోసారి పక్క దుకాణాలదాకా వినిపించింది. మూడోసారి రాట్నం మీది పిల్లలు కూడా తలలు తిప్పారు. తుండుగుడ్డ కప్పుకున్న మగవాళ్ళు నలుగురైదుగురు ఆమె వైపు చూశారు. నలుగురైదుగురూ వేరే ముఖాలు. జనం వచ్చి దుకాణం చుట్టూ మూగారు. ముద్ద తెల్లబడింది. దాలమ్మ కోసింది, నువ్వుల్లో దొర్లించింది. ఆ రోజు అసిరమ్మ పదకొండు పాకాలు లాగింది. ప్రతి పావుగంటకీ మూడుసార్లు కాదు, లాగిన ప్రతి లాగుడుకీ ఒకసారి పిలిచింది. ఇన్‌స్పెక్టరు ఆశ్చర్యపోయి, నిబంధనకి మించిన ముద్రానిష్ఠ అని రాసుకున్నాడు. ఇంకో గడిలో, 'ముద్రామూర్తి ఉత్పత్తిలో స్వయంగా, చురుగ్గా పాల్గొన్నారు' అని కూడా రాసుకున్నాడు.

చైత్రంలో ఒక కవరు వచ్చింది. దాలమ్మ చదివిపెట్టింది. నూరు శాతం హాజరుకి తీపి తవిటయ్యకి జిల్లా ప్రథమ ప్రశంసాపత్రం. దానికి గుచ్చిన చిన్న కాగితంలో ఇంకో రెండు వాక్యాలున్నాయి. 'సదరు ముద్రామూర్తి స్వస్థానంలోనే సంపూర్ణ స్థాయిలో విధులు నిర్వహిస్తున్నట్టు తీర్థం తనిఖీలో రుజువైనందున, అదే ముఖంతో యాత్రలో తిరుగుతున్న వ్యక్తిని అదనపు ప్రతిగా పరిగణించి విధుల నుంచి తప్పించడమైనది. కోటు, తలపాగా, సంచి స్వాధీనం చేసుకోవడమైనది.'

అసిరమ్మ ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి వెళ్ళింది. బొబ్బలెక్కిన చేతులు బల్ల మీద పెట్టి, ఈసారి గోడ వైపు చూపించకుండా పేరు పెట్టే అడిగింది. తవిటయ్యని ఏ ఊళ్ళో దించేశారు?

భుజంగరావుగారు లోపలి రిజిస్టరు తెప్పించి తామే వెతికారు. దాచిపెట్టే మనిషి కాదు. అసలు మూర్తి అయితే ఎక్కడున్నదీ రాస్తారట. ప్రతుల్ని ఎక్కడ వదిలారన్నది రాసే గడి ఆ రిజిస్టరులో లేదు. గడి ఒకటి చేర్చమని పైకి రాస్తానన్నారు. రాశారు కూడా.

పాత సంచి చిలక్కొయ్యకే ఉంది. అందులో లుంగీ, కొబ్బరినూనె, దువ్వెన, పొట్లం కట్టిన జీళ్ళు ఉంటాయి. జీళ్ళు మెత్తబడితే మారుస్తూ ఉంటుంది.

తవిటయ్య మాఘ పౌర్ణమి వెళ్ళిన రెండోనాడు, గురువారం, ఉదయం ఆరున్నర బస్సెక్కాడు. మళ్ళీ రాలేదు.